డేర్‌డెవిల్ రెండో సీజన్: మేడ మీద వేసిన ప్రశ్న ఎక్కడ పోయింది?

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న: "మాస్టారూ, డేర్‌డెవిల్ రెండో సీజన్ ఇప్పుడే పూర్తి చేశాను. మొదటి నాలుగు ఎపిసోడ్లు కూర్చున్న చోటు నుంచి లేవనివ్వలేదు. తర్వాత ఎక్కడో పట్టు జారినట్టనిపించింది. మా రూమ్మేట్స్ మాత్రం పనిషర్ ఉన్నాడు కాబట్టి మొదటి సీజన్ కన్నా ఇదే గొప్పదంటున్నారు. అసలు ఒక సీజన్‌ని మొత్తంగా ఎలా అంచనా వెయ్యాలి? మూడో సీజన్‌కి నేరుగా వెళ్లిపోవచ్చా?"

తమ్ముడూ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాటిక పోటీలకు న్యాయనిర్ణేతగా చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. అంతకుముందు నాటికలు ఆడించాను కూడా. సీరియల్ చూసినా నా కళ్లు అవే. జవాబులో కథంతా చెప్పేస్తాను, కాబట్టి ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

ముందు తీర్పు చెప్పేస్తాను. పట్టు జారిందని నీకనిపించింది నిజమే. 2016 మార్చిలో వచ్చిన ఈ 13 ఎపిసోడ్లలో మొదటి నాలుగింటిలాంటి ఆరంభం సూపర్‌హీరో సీరియళ్లలో నేను మరొకటి చూడలేదు. కానీ సీజన్ మొత్తంగా తీసుకుంటే మొదటిదానికి ఒక మెట్టు కిందే. ఫైట్లు తగ్గాయని కాదు, నటులు తేలిపోయారని అంతకన్నా కాదు. తానే ఒక పెద్ద ప్రశ్న వేసి, దాన్ని మధ్యలో వదిలేసింది.

పోటీల్లో మా చేతికి ఒక మార్కుల కాగితం ఇస్తారు. రచన, దర్శకత్వం, నటన, ఆహార్యం, రంగాలంకరణ, సంగీతం, ఇలా. కొత్తగా కూర్చున్నవాళ్లు అన్నీ కూడి, ఎక్కువ వచ్చినదానికి మొదటి బహుమతి ఇచ్చేద్దామంటారు. ఉత్తమ నటుడు ఉన్న నాటికకే ఉత్తమ ప్రదర్శన రావాలని రూలేమీ లేదు. తెర లేవగానే నాటిక ప్రేక్షకుడికి ఒక మాట ఇస్తుంది, "ఈ సంగతి తేలుస్తాను, కూర్చో" అని. తెర పడేసరికి ఆ సంగతి తేల్చిందా లేదా అన్నదే నేను మొదట చూస్తాను. తేలకుండా మిగిలిపోయినా ఫరవాలేదు, కానీ దానితో చివరిదాకా కుస్తీ పట్టి ఉండాలి. మీ రూమ్మేట్స్ పనిషర్ వేషం వేసిన జాన్ బెర్న్‌థాల్‌కి ఇచ్చిన మార్కుల్ని సీజన్‌కి వేస్తున్నారు. బెర్న్‌థాల్‌కి ఎన్ని వేసినా తక్కువే, అది వేరే సంగతి.

రెండో సీజన్ అంటే రెండోసారి రాయడం. విజయనగరంలో పుట్టిన నాటకమే మనకి మంచి ఉదాహరణ. 1892లో అక్కడ ఆడిన కన్యాశుల్కాన్ని గురజాడ 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మనం ఈరోజు చదివే ఏడంకాల నాటకం ఆ రెండోదే. పాత సరుకులోనే తనకి ముందు కనిపించనిది కనిపించింది కాబట్టి ఆ రెండో రాతకి అర్థం ఉంది. డేర్‌డెవిల్‌లో చేతులే మారాయి. మొదటి సీజన్‌ని డ్రూ గొడార్డ్ మొదలుపెడితే స్టీవెన్ డినైట్ నడిపించాడు. రెండోదాన్ని డగ్ పెట్రీ, మార్కో రమీరెజ్ అందుకున్నారు. వాళ్లకి కొత్తగా కనిపించింది ఏమిటి? నా లెక్కలో ఫ్రాంక్ క్యాజిల్. అంటే పనిషర్.

మొదటి సీజన్‌లో మాట్ మర్డాక్, అంటే డేర్‌డెవిల్, పగలు లాయరు, రాత్రి ముసుగు వేసుకుని కొట్టేవాడు. కోర్టుని నమ్ముతాడు, కోర్టు చేతకాని చోట పిడికిలి వాడతాడు, ప్రాణం మాత్రం తియ్యడు. నేరసామ్రాజ్యం నడిపే ఫిస్క్‌ని చంపాలన్న కోరికతో చర్చి ఫాదర్ దగ్గర కూర్చుని కొట్టుమిట్టాడతాడు. చివరికి ఫిస్క్ జైలుకి పోతాడు, మాట్ చేతికి రక్తం అంటదు. సమస్య తీరిపోయినట్టే కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు రెండో సీజన్ ఫ్రాంక్‌ని తెచ్చి మాట్ ఎదురుగా నిలబెట్టింది. భార్యాబిడ్డల్ని ముఠాల కాల్పుల్లో పోగొట్టుకున్న మాజీ సైనికుడు. మాట్ చేసే పనే చేస్తాడు, ప్రాణం తీసేదాకా ఆగడు.

మూడో ఎపిసోడ్‌లో మేడ మీద ఫ్రాంక్ మాట్‌ని గొలుసుతో కట్టేసి మాట్లాడే ఘట్టం ఈ సీజన్‌కి గుండెకాయ. నువ్వు కొట్టినవాడు మళ్లీ లేస్తాడు, నేను కొట్టినవాడు లేవడు, తేడా అంతే అన్నది ఫ్రాంక్ వాదన. మాట్ మనిషి మారగలడు అంటాడు. ఇద్దరు నటులు, ఒక మేడ, ఒక గొలుసు. మన నాటిక స్టేజీ మీద ఉన్నదున్నట్టు ఆడించొచ్చు. రచయితలు ఎవరి పక్షమూ తీసుకోలేదు, అది వాళ్ల గొప్పతనం. ఫ్రాంక్ మాటల్లో బలం ఉంది. మాట్ మాటల్లో నమ్మకం ఉంది కానీ రుజువు లేదు. చివరికి ఫ్రాంక్ అతని చేతికి తుపాకీ పెట్టి టేపు చుట్టి, నన్ను కాల్చి ఈ ముఠా మనిషి గ్రాటోని కాపాడుకో, లేదా వాడు చస్తుంటే చూస్తూ ఉండు అంటాడు. మాట్ గొలుసుని కాల్చుకుంటాడు. గ్రాటో చస్తాడు. అంటే మేడ మీద మాట్ ఓడిపోయాడు.

ఆ వెంటనే వచ్చే మెట్ల ఫైట్ గురించి అందరూ మాట్లాడతారు. మొదటి సీజన్‌లోని కారిడార్ ఫైట్‌తో పోల్చి ఏది గొప్పదని పందేలు వేసుకుంటారు. నువ్వు మళ్లీ చూసేటప్పుడు మాట్ చేతులు చూడు. ఒక చేతిలో గొలుసు. రెండో చేతికి టేపు చుట్టిన ఖాళీ తుపాకీ. చంపడానికి చేసిన వస్తువుని ఇనుప ముక్కలా వాడి కొడుతూ, ఒక్కో అంతస్తూ దిగుతాడు. వాదనలో మాటలకి దొరకని జవాబు ఆ చేతుల్లో ఉంది. ఫైట్ కథని ముందుకి నడపడమంటే ఇదే. ఊరికే చెయ్యి తిరిగిన స్టంట్ అయితే దానికి ఇంత విలువ ఉండేది కాదు.

ఈ వాదన శ్రీకాకుళం వాళ్లకి ఇంకో రకంగా వినబడుతుంది. 1967 అక్టోబర్‌లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజన రైతుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ కేసులో నిందితులు కోర్టు నుంచి విడుదలయ్యారు. తర్వాత ఏజెన్సీలో ఏం జరిగిందో మన ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. సాయుధ పోరాటం సాగింది. దాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే, 1970లో పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఇటు పార్వతీపురం కుట్ర కేసు ఏళ్ల తరబడి నడిచింది. కోర్టు చేతులెత్తేసినప్పుడు మనిషి ఏం చెయ్యాలి అన్న వాదన నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. రెండు వైపులా నిజాయితీగల మనుషులే ఉండేవాళ్లు. ముసుగులు, కొమ్ముల కథని ఆ చరిత్ర పక్కన పెట్టడం నా ఉద్దేశం కాదు. ఫ్రాంక్ అడిగేది మనకి పరాయి ప్రశ్న కాదని, దాన్ని తేలిగ్గా వదిలేస్తే మనకి కోపం రావడం న్యాయమేనని చెబుతున్నాను.

నాలుగో ఎపిసోడ్ చివర శ్మశానంలో ఫ్రాంక్ మాట్లాడే ఘట్టం గురించి ఆగి చెప్పాలి. ఒళ్లంతా దెబ్బలు, ఒక సమాధి రాయికి జారబడి కూర్చుని ఉంటాడు. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన రోజు, కూతురు, ఆ పిల్ల చదవమని అడిగిన కథల పుస్తకం, అలిసిపోయి రేపు చదువుతానన్న మాట. అంతే సరుకు. మన పోటీల్లో ఇంత పొడుగు ఏకపాత్ర డైలాగు దొరికితే నటుడు స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతాడు, గొంతు పెంచుతాడు, చప్పట్ల కోసం ఒక చోట ఆగుతాడు. బెర్న్‌థాల్ కదలడు. గొంతు పెంచడు. వాక్యాలు మధ్యలో తెగిపోతాయి, వాటిని అతికించడు. ఎదుట మాట్‌గా కూర్చున్న చార్లీ కాక్స్ వినడం తప్ప ఏమీ చెయ్యడు, ఆ వినడంలోనే సగం నటన ఉంది. నాటికల్లోకి వచ్చే కుర్రాళ్లకి నేను ఈ సీను చూపిస్తాను. మాట్లాడేవాడిని ఒకసారి, వినేవాడిని ఒకసారి చూడమంటాను.

ఇక్కడిదాకా మచ్చ లేదు. ఆ ఎపిసోడ్ ముగిసేసరికి మాట్ ఇంట్లో అతని పాత ప్రియురాలు ఎలెక్ట్రా కూర్చుని ఉంటుంది. నీకు పట్టు జారింది అక్కడి నుంచే కదా?

ఎలెక్ట్రా రావడమే తప్పని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎలొడీ యుంగ్ బాగా చేసింది, ఆమె ఉన్న సీన్లలో మాట్ ముఖంలో మొదటి సీజన్‌లో లేని ఒక తుళ్లింత కనిపిస్తుంది. ఐదో ఎపిసోడ్‌లో పాత రోజుల కథ గుర్తు తెచ్చుకో. మాట్ తండ్రి చావుకి కారణమైన స్వీనీని ఆమె కుర్చీకి కట్టేసి తెచ్చి, కానుకలా అతని ముందు పెడుతుంది. చంపెయ్ అంటుంది. మాట్ కొడతాడు, చచ్చేలా కొడతాడు, తర్వాత ఆగిపోయి పోలీసుల్ని పిలుస్తానంటాడు. ఆమె మాయమైపోతుంది. మేడ మీద ఫ్రాంక్ తుపాకీతో అడిగిన ప్రశ్ననే ఏళ్ల కిందట ఎలెక్ట్రా ప్రేమతో అడిగిందన్నమాట. ఎంత చక్కని అమరిక! మాట్‌కి ఒక పక్క ఫ్రాంక్, ఒక పక్క ఎలెక్ట్రా, ఇద్దరూ ఒకే చోటికి లాగుతున్నారు. రచయితల చేతిలో అన్నీ ఉన్నాయి.

అయినా దాన్ని కాదని హ్యాండ్ అనే నింజాల గుంపు వెంట పడ్డారు. ఊరి నడుమ అడుగు కనిపించనంత పెద్ద గొయ్యి, ఒక రాతి పెట్టె, బ్లాక్ స్కై అనే జోస్యం. నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది, ఇది విసుగు గురించిన ఫిర్యాదు మాత్రమే కాదు. చంపడం న్యాయమా అన్న ప్రశ్నతో మొదలైన సీజన్‌లో చచ్చినా చావని విలన్‌ని పెట్టారు. మొదటి సీజన్‌లో కాలిపోయి చచ్చిన నోబు తిరిగొచ్చాడు. చివర్లో ఎలెక్ట్రా చనిపోయాక ఆమె శవాన్ని తవ్వి ఆ రాతి పెట్టెలో పెడతారు, అంటే ఆమె కూడా లేస్తుందని మనకి అర్థమైపోతుంది. పోయినవాడు తిరిగి రాడన్న ఒక్క నిజం మీదే కదా మేడ మీది వాదన నిలబడింది! చావుకి బరువు లేకపోతే మాట్ పట్టిన వ్రతానికీ బరువు లేదు, ఫ్రాంక్ చేసే పాపానికీ బరువు లేదు.

ఇంకో నష్టం కూడా జరిగింది. చూపు లేని మాట్‌కి ఎదుటివాడి గుండె చప్పుడే కన్ను. అబద్ధం చెబితే దాని వల్లే తెలుస్తుంది, భయపడితే దాని వల్లే తెలుస్తుంది. ఈ నింజాల గుండె చప్పుడు అతనికి వినబడదని పెట్టారు. ఫైట్లలో కష్టం పెంచడానికి పెట్టి ఉంటారు. కానీ దానితో ఎదుటి పక్షంలో మనుషులే లేకుండా పోయారు. మొదటి సీజన్‌లో ఫిస్క్‌ని గుర్తు చేసుకో. అతని చిన్నతనం, అతని సిగ్గు, ప్రేమించిన వనెస్సా ముందు మాట తడబడటం, అన్నీ మనకి తెలుసు. రెండో సీజన్ చివర్లో మాట్ కొట్టే వందమందిలో ఒక్కడి ముఖం నీకు గుర్తుందా?

కోర్టు విచారణ ఎపిసోడ్లు మరీ బాధ పెట్టాయి. ఒక్కసారి ఆ అమరిక చూడు. తన తలకి గురిపెట్టి కాల్చినవాడి తరఫున మాట్ కోర్టులో వాదించాలి. ముఠాల కాల్పులు జరిగింది ప్రాసిక్యూటర్ రేయెస్ నడిపిన రహస్య ఆపరేషన్‌లో, దాన్ని ఆమె కప్పిపెట్టింది. అంటే ఫ్రాంక్ కుటుంబం చావులో ప్రభుత్వానికీ పాలు ఉంది. మాట్ పగటి మనిషీ రాత్రి మనిషీ ఒకే గదిలో నిలబడగలిగే చోటు సీజన్ మొత్తంలో ఇదొక్కటే. మేడ మీద చెప్పలేకపోయిన జవాబు మాట్ ఇక్కడ చెప్పాలి. చెప్పలేకపోతే లాయరుగా కూడా ఓడిపోవాలి, మనం చూడాలి. ఏం జరిగింది? విచారణ మొదలయ్యే రోజు మాట్ రాలేదు, ఎలెక్ట్రాతో రాత్రంతా తిరిగి వచ్చాడు. పాపం, మాట్‌తో కలిసి లాయరు ఆఫీసు నడిపే ఫాగీ ఒక్కడే లేచి ప్రారంభ వాదన వినిపించాడు. ఎలెక్ట్రా సాక్షిని బెదిరించడంతో అతని సాక్ష్యం చెల్లకుండా పోయింది. చివరికి ఫ్రాంక్ బోనులో నిలబడి అరిచి తన కేసుని తానే పాడుచేసుకుంటాడు, దాని వెనక జైల్లో ఉన్న ఫిస్క్ మంత్రాంగం ఉందని తర్వాత తెలుస్తుంది.

సాక్షిని బెదిరించిన ముక్క మాత్రం నాకు నచ్చింది. రెండు కథలూ నిజంగా ఒకదానికొకటి తగిలిన చోటు అదే. రాత్రి మనిషి చేసిన స్నేహం పగటి మనిషి కేసుని చంపేసింది. దాన్ని ఇంకో రెండు ఎపిసోడ్లు సాగదీసి ఉంటే చాలు. మిగతా చోట్ల ఒకే కాడికి కట్టిన ఎడ్లు చెరో గట్టు వైపు లాగినట్టు, పనిషర్ కథ ఒక దారి, ఎలెక్ట్రా కథ ఒక దారి పోయాయి.

ఆ రెండో సగంలో కూడా తీసి పారెయ్యలేనివి ఉన్నాయి. ఎనిమిదో ఎపిసోడ్ చివర ఫిస్క్ మళ్లీ కనిపించగానే తెర నిండిపోతుంది, విన్సెంట్ డి'ఒనోఫ్రియో నిలబడితే చాలు. తొమ్మిదో ఎపిసోడ్‌లో జైలు నడవలో ఫ్రాంక్ చేసే పోరాటాన్ని మాట్ మెట్ల ఫైట్ పక్కన పెట్టి చూడు. మాట్ కొట్టినవాళ్లు మళ్లీ మళ్లీ లేస్తారు, అతను అలిసిపోతాడు. ఫ్రాంక్ కొట్టినవాడు లేవడు. మేడ మీద ఫ్రాంక్ చెప్పిన మాటకి దృశ్యరూపం అది. చూస్తున్న మనకి ముందు ఉత్సాహం వచ్చి, కాసేపటికి కడుపులో తిప్పుతుంది. మన సినిమాల్లో హీరో ఆఖరి రీల్లో విలన్‌ని చంపితే ఈల వేసేసి ఇంటికొస్తాం. ఈ సీను ఆ ఈలని నోట్లోనే ఆపేస్తుంది.

మాట్ ఆఫీసులో పనిచేసే కరెన్, ఫాగీల గురించి మీ రూమ్మేట్స్ ఎవరూ మాట్లాడి ఉండరు. ఆసుపత్రిలో రెండు ముఠాల కుర్రాళ్లు కొట్టుకోబోతే ఫాగీ మధ్యలో నిలబడి వట్టి మాటలతో ఆపుతాడు. పిడికిలీ లేదు, తుపాకీ లేదు. మాట్, ఫ్రాంక్‌ల మధ్య మూడో జవాబు అదే, ఎల్డెన్ హెన్సన్ దాన్ని చెమటలు పడుతూ చేశాడు. కరెన్ సంగతి ఇంకా లోతు. మొదటి సీజన్‌లో ఫిస్క్ కుడిభుజం వెస్లీని కాల్చింది ఆమే, ఆ రహస్యం ఆమె లోపలే ఉంది. ఫ్రాంక్‌లో అందరూ రాక్షసుణ్ణి చూస్తుంటే ఆమె మనిషిని చూడటానికి కారణం అది. పదకొండో ఎపిసోడ్‌లో హోటల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. సీజన్ వదిలేసిన ప్రశ్న అక్కడ పది నిమిషాలు మళ్లీ బతికింది. ఆ రహస్యాన్ని ఇంకా వాడుకుని ఉంటే ఈ సీజన్‌కి కథానాయిక కరెన్ అయ్యేది.

ఆఖరి ఎపిసోడ్‌లో ఫ్రాంక్ పక్క మేడ మీద నుంచి తుపాకీతో నింజాలని కాల్చి మాట్‌కి సాయం చేస్తాడు. కవచం మీద పుర్రె బొమ్మ వేసుకుని వస్తాడు, అభిమానులు ఎదురుచూసిన క్షణం. నోబు తలని మాట్ గురువు స్టిక్ నరుకుతాడు. మూడో ఎపిసోడ్‌లో అంతసేపు వాదించుకున్న ఇద్దరి మధ్య దీని గురించి మళ్లీ వాదన లేదు. మాట్ మనసు మారిందా? మారకపోతే ఎందుకు ఊరుకున్నాడు? ఏదైనా సరే, నాకు ఆ సీను కావాలి. చివర్లో కరెన్‌కి ముసుగు చూపించి నిజం చెప్పడం మంచి ముగింపే. కానీ అది అబద్ధాల కథకి ముగింపు, చంపడం గురించిన కథకి కాదు.

కాబట్టి రూమ్మేట్స్‌తో వాదన వస్తే నటనలో, ఫైట్లలో వాళ్ల మాట ఒప్పేసుకో. రచన దగ్గర మాత్రం తగ్గకు. నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆపి, "ఇప్పుడు ఈ కథ దేని గురించి?" అని అడుగు. పదమూడో ఎపిసోడ్ దగ్గర ఆపి మళ్లీ అదే అడుగు. రెండు జవాబులూ రాసి పక్కపక్కన పెట్టుకోండి. మొదటి సీజన్‌కి కూడా ఇలాగే చెయ్యండి, అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది.

ఇక మూడో సీజన్. నేరుగా వెళ్లొద్దు. మధ్యలో 2017లో వచ్చిన ది డిఫెండర్స్ ఉంది, 8 ఎపిసోడ్లే. ఎలెక్ట్రా కథ, ఆ గొయ్యి సంగతి అందులోనే తేలతాయి. గొప్పగా ఉండదు, కానీ అది చూడకపోతే మూడో సీజన్ మొదట్లో మాట్ ఆ స్థితిలో ఎందుకున్నాడో అర్థం కాదు. ఫ్రాంక్ మీద బెంగ ఉంటే అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ది పనిషర్ కూడా చూడొచ్చు, డేర్‌డెవిల్ కథకి అది తప్పనిసరి కాదు. 2018లో వచ్చిన మూడో సీజన్‌ని ఎరిక్ ఒలెసన్ అనే మరో షోరన్నర్ నడిపాడు. నింజాలు లేరు, గొయ్యి లేదు. ఫిస్క్ జైలు నుంచి బయటికొస్తాడు, వాణ్ణి చంపాలా వద్దా అన్నది మాట్ ముందున్న ఒకే ఒక్క ప్రశ్న. ఈసారి 13 ఎపిసోడ్లూ దాన్ని వదలరు.